200 చుట్లు చుట్టినా క్రేన్ బలం ఎందుకు పెరగలేదు?

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. స్కూల్ సైన్స్ ఫెయిర్‌లో విద్యుదయస్కాంతంతో పనిచేసే క్రేన్ పెట్టాను. బోల్టుకి 100 చుట్లు రాగి తీగ చుట్టి ఒక పెద్ద సెల్లుకి కలిపితే గుండుసూదుల్ని ఎత్తుతుంది. ఒకసారి 31 ఎత్తితే ఇంకోసారి 18 మాత్రమే ఎత్తింది. బలం పెంచుదామని దానిమీదే ఇంకో 100 చుట్లు చుట్టాను. పెద్దగా పెరగలేదు, ఒక్కోసారి తగ్గింది కూడా. జడ్జి గారు "ఎందుకలా?" అని అడిగితే చెప్పలేకపోయాను. అయినా పై స్థాయి పోటీకి ఎంపిక చేశారు. ఐదు వారాల టైముంది. నాన్న ఇది వదిలేసి రోబో చెయ్యమంటున్నారు. నాకేమో క్రేన్‌కే రంగులు వేసి, లైట్లు పెట్టి బాగా కనబడేలా చెయ్యాలని ఉంది. ఏది మంచిది?

సమాధానం:

రోబో వద్దమ్మా. క్రేన్‌కి రంగులు, లైట్లు కూడా వద్దు. జడ్జి గారు అడిగిన "ఎందుకలా?" అన్న మాట ఉంది చూశావూ, పై స్థాయికి నీ ప్రాజెక్టు అదే. చుట్లు రెట్టింపు చేస్తే బలం పెరగాలని పుస్తకంలో ఉంది. నీ చేతిలో పెరగలేదు. ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో కొలిచి చూపించగలిగితే, ఆ హాల్లో ఉన్న చాలా బొమ్మలకంటే నీ బోల్టు ముక్కకి విలువ ఎక్కువ. బొమ్మ పనిచేస్తోందని చూపిస్తే అది ప్రదర్శన. ఒకదాన్ని మార్చి, ఒకదాన్ని కొలిచి, మిగతావన్నీ కదలకుండా పట్టుకుంటే అది ప్రయోగం. స్కూల్లో నువ్వు చేసింది మొదటిది. ఇప్పుడు రెండోది చెయ్యాలి.

ముందు ఏం జరిగి ఉంటుందో చెబుతాం. విద్యుదయస్కాంతం బలం చుట్ల మీద ఒక్కదాని మీదే ఆధారపడదు. చుట్ల సంఖ్యని తీగలో పారే కరెంటుతో గుణిస్తే వచ్చే లెక్క మీద ఆధారపడుతుంది. దాన్ని ఆంపియర్-చుట్లు అంటారు. నువ్వు చుట్లు పెంచినప్పుడు తీగ కూడా పొడవైంది. తీగ పొడవైతే నిరోధం, అంటే కరెంటుకి తీగ అడ్డుపడే గుణం, పెరిగింది, సెల్లు అదే కాబట్టి కరెంటు తగ్గింది. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసేసుకున్నట్టయింది.

లెక్క వేసి చూద్దాం. 0.4 మి.మీ. మందం రాగి తీగకి మీటరుకి సుమారు 0.14 ఓమ్ నిరోధం ఉంటుంది. 8 మి.మీ. బోల్టు మీద పొరకి 50 చుట్ల చొప్పున చుడితే 50 చుట్లకి 1.4 మీటర్లు, 100 చుట్లకి 2.9, 150కి 4.5, 200 చుట్లకి 6.3 మీటర్ల తీగ పడుతుంది. పై పొరలకి వెళ్లేకొద్దీ ఒక్కో చుట్టు పెద్దదవుతుంది, అందుకే చివరి 50 చుట్లు మొదటి 50 చుట్లకంటే ఎక్కువ తీగ తింటాయి. 1.5 వోల్టుల సెల్లు పెట్టి, సెల్లు లోపలి నిరోధం, కలిపే తీగలు, మీటరు అన్నీ కలిసి 0.4 ఓమ్ ఉంటాయనుకుందాం. 50 చుట్లకి కరెంటు సుమారు 2.5 ఆంపియర్లు, అంటే 127 ఆంపియర్-చుట్లు. 100 చుట్లకి 190. 150కి 220. 200కి 238. చుట్లు నాలుగింతలైతే బలమిచ్చే లెక్క రెండింతలు కూడా కాలేదు. 150 నుంచి 200కి వెళ్తే దక్కేది నూటికి ఎనిమిది పాళ్లే. ఎత్తిన ప్రతిసారీ సూదుల సంఖ్య 31, 18 అని ఊగిపోతుంటే ఆ ఎనిమిది పాళ్లు ఎక్కడ కనబడతాయి? దానికి తోడు, రెండో వంద చుట్లు చుట్టేసరికి నీ సెల్లు అప్పటికే సగం అలిసిపోయి ఉంటుంది.

ఈ చిక్కు నీకు కొత్తగా వచ్చింది కాదు. 1825లో విలియం స్టర్జియన్ మొదటి విద్యుదయస్కాంతం చేసినప్పుడు తీగకి తొడుగు లేదు. ఇనుముకి వార్నిష్ పూసి, ఒక చుట్టు ఇంకో చుట్టుకి తగలకుండా ఎడంగా చుట్టాడు. దాదాపు 200 గ్రాముల ఇనుము 4 కిలోలు ఎత్తింది. తర్వాత అమెరికాలో ఆల్బనీలో పాఠాలు చెప్పే జోసెఫ్ హెన్రీ తీగకే పట్టు తొడిగి, చుట్లు ఒత్తుగా, పొరలు పొరలుగా చుట్టాడు. ఒకే పొడుగు తీగని చుట్టుకుంటూ పోతే కొంత దూరం వెళ్లాక లాభం తగ్గిపోతోందని ఆయనా గమనించాడు. అందుకని ఒక పొడుగు తీగ బదులు చాలా పొట్టి తీగల్ని విడివిడిగా చుట్టి, అన్నిటినీ ఒకే బ్యాటరీకి పక్కపక్కన కలిపాడు. పొడుగు తీగే వాడాలంటే సెల్లుల్ని వరుసగా పేర్చి వోల్టేజి పెంచాలని కూడా తేల్చాడు. 1831లో ఆయన చేసిన అయస్కాంతం 900 కిలోలకు పైగా ఎత్తింది. ఈ కథ నీ బోర్డు మీద నాలుగు వాక్యాల్లో ఉంటే చాలు. జడ్జి గారు దాని గురించి అడిగితే మాత్రం వివరంగా చెప్పగలగాలి.

ఇక నీ ప్రశ్నని ఇలా రాసుకో: "చుట్లు పెంచినా బలం ఆ మేరకు పెరగకపోవడానికి కారణం కరెంటు తగ్గడమేనా?" దీన్ని తేల్చడానికి రెండు వరసల కొలతలు కావాలి. మొదటి వరసలో సెల్లు నేరుగా, కరెంటు తగ్గితే తగ్గనీ. రెండో వరసలో ఎన్ని చుట్లు వాడినా కరెంటు సరిగ్గా 1 ఆంపియరే ఉండేలా పట్టి ఉంచాలి.

చుట్టడం దగ్గరే సగం ప్రాజెక్టు గెలుస్తావు లేదా ఓడతావు, కాబట్టి నిదానంగా చదువు. 8 మి.మీ. మందం, 100 మి.మీ. పొడవు ఉన్న మామూలు మెత్తని ఇనుప బోల్టు తీసుకో. తలమీద 8.8 అనో 10.9 అనో అంకె కొట్టి ఉంటే అది గట్టిపరిచిన ఉక్కు, కరెంటు ఆపినా అయస్కాంతత్వాన్ని వదలదు, అది వద్దు. మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టులు చాలావరకు అయస్కాంతానికి అసలు అంటుకోవు. కొనేముందు మామూలు అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లి పెట్టి చూడు. మరలు ఉన్న భాగం మీద తీగ చుడితే మర అంచుకి తీగ మీది ఎనామిల్ పూత గీరుకుపోయి చుట్లు లోపల్లోపల షార్టవుతాయి. నున్నగా ఉన్న భాగం మీద చుట్టు. దానికి ముందు ఒక వరస కాగితం టేపు బిగుతుగా అంటించు.

టేపు మీద సరిగ్గా 25 మి.మీ. ఎడంతో రెండు గీతలు పెట్టు. తీగంతా ఆ గీతల మధ్యే ఉండాలి. 0.4 మి.మీ. ఎనామిల్ తీగ ఎనామిల్‌తో కలిపి 0.45 మి.మీ. అవుతుంది, కాబట్టి 50 చుట్లకి 22, 23 మి.మీ. చాలు. 8 మీటర్ల తీగ తీసుకుని, మొదట్లో 20 సెం.మీ. వదిలి చుట్టడం మొదలుపెట్టు. 50 చుట్లు అయ్యాక తీగని తెంపకు. 5 సెం.మీ. తీగని ఉచ్చులా బయటికి లాగి, మెలితిప్పి, దానిమీద "50" అని చిన్న చీటీ అంటించు. పైన ఒక వరస టేపు వేసి, రెండో పొర వెనక్కి చుట్టుకుంటూ రా. అది పూర్తయితే 100 దగ్గర ఇంకో ఉచ్చు. ఇలా నాలుగు పొరలు. 200వ చుట్టు తర్వాత మళ్లీ 20 సెం.మీ. వదిలి మిగతా తీగ కత్తిరించు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రెండో పొర బోల్టు వెంబడి వెనక్కి వస్తుంది కదా అని తిప్పే దిక్కు కూడా మార్చేస్తారు. అలా మారిస్తే రెండో పొర మొదటి పొర బలాన్ని చెరిపేస్తుంది. తీగ బోల్టు వెంబడి ఎటు నడిచినా, బోల్టు చుట్టూ తిరిగే దిక్కు మాత్రం నాలుగు పొరల్లోనూ ఒకటే. బోల్టు తలని నీవైపు పెట్టుకుని చూసి, గడియారం ముల్లు దిక్కు అనుకుంటే చివరిదాకా అదే దిక్కు.

పొరకి 50 చుట్లు, అన్నీ అదే 25 మి.మీ. చోటులో ఎందుకంటే, 100 చుట్లు పొడవునా పరిస్తే చుట్ల సంఖ్యతో పాటు అవి కొసకి ఎంత దూరంలో ఉన్నాయన్నది కూడా మారిపోతుంది. అప్పుడు రెండు సంగతులు ఒకేసారి మారినట్టు, ఏది పనిచేసిందో చెప్పలేవు. ఉచ్చులు పెట్టడంలో ఇంకో సుఖముంది: ఒకే బోల్టు, ఒకే తీగ, విప్పి మళ్లీ చుట్టే పని లేదు, క్లిప్పు ఒక ఉచ్చు నుంచి ఇంకో ఉచ్చుకి మార్చుకుంటే సరి.

ఇప్పుడు గరుకు కాగితం తీసుకుని రెండు కొసల్నీ, మూడు ఉచ్చుల్నీ ఒక్కోటి 2 సెం.మీ. మేర గీరు. రాగి అన్ని వైపులా గులాబి రంగులో మెరవాలి. పైపైన గీరి వదిలేస్తే తీగకి ఒక పక్క ఎనామిల్ మిగిలే ఉంటుంది, కంటికి కనబడదు, క్లిప్పు ఆ పక్కకి పడితే కరెంటు సగమే వెళ్తుంది. 31, 18 అని నీకు వచ్చిన తేడాలో దీని వాటా పెద్దదే అయ్యుండొచ్చు.

కరెంటు దారి ఇలా ఉండాలి: సెల్లు, నొక్కితేనే పనిచేసే స్విచ్చు, కరెంటు కొలిచే మల్టీమీటరు, తీగచుట్ట, మళ్లీ సెల్లు. అన్నీ ఒకదాని వెనక ఒకటి. కాలింగ్ బెల్లుకి వాడే స్విచ్చు సరిపోతుంది. ఎలక్ట్రానిక్ బోర్డుల మీద ఉండే చిన్ని స్విచ్చులు 2 ఆంపియర్లకి తట్టుకోవు. మల్టీమీటర్లో ఎర్ర తీగని 10 ఆంపియర్లు అని రాసి ఉన్న రంధ్రంలోనే పెట్టాలి. మిల్లీ ఆంపియర్ల రంధ్రంలో పెడితే లోపల ఫ్యూజు పోతుంది. మీటర్ని నేరుగా సెల్లు రెండు కొసలకీ ఎప్పుడూ తగిలించకు. మొదటి వరసకి డి సైజు ఆల్కలైన్ సెల్లు ఒకటి చాలు.

రెండో వరసకి రెండు సెల్లులు వరుసగా పెట్టి, మధ్యలో ఒక రియోస్టాట్, అంటే మీట జరిపి నిరోధం మార్చే పరికరం, కలుపు. స్కూల్ లేబొరేటరీలో 10 లేదా 20 ఓమ్‌లది ఉంటే సైన్స్ టీచర్ని అడిగి తీసుకో. దానికి మూడు కొసలుంటాయి. ఒకటి జరిగే కొస, రెండు చివరి కొసలు. జరిగే కొస ఒకటి, చివరి కొస ఒకటి వాడాలి. రెండు చివరి కొసలే వాడితే జారుడు మీట ఎంత జరిపినా అంకె కదలదు. మీటని నిరోధం అంతా ఉండే వైపు పెట్టి మొదలుపెట్టి, స్విచ్చు నొక్కి, మెల్లగా జరుపుతూ 1.00 ఆంపియర్ దగ్గర ఆపు. స్విచ్చు వదిలెయ్యి. తర్వాత ఎత్తే పని. ప్రతిసారీ ఎత్తేముందు అంకె మళ్లీ సరిచూసుకోవాలి, ఎందుకంటే సెల్లు అలుస్తూనే ఉంటుంది.

మొదటి వరసలో 50 చుట్ల దగ్గర రెండు ఆంపియర్లకు పైగా పారుతుంది కాబట్టి ఒక్కోసారి స్విచ్చు నొక్కి ఉంచేది 10 సెకన్లకి మించొద్దు, ఆ తర్వాత కనీసం నిమిషం విరామం. తీగ వేడెక్కితే రాగి నిరోధం డిగ్రీకి దాదాపు 0.4 శాతం పెరుగుతుంది. 25 డిగ్రీలు వేడెక్కితే పది శాతం తేడా అక్కడే వచ్చేస్తుంది. సెల్లు చేతికి వెచ్చగా తగిలితే ఆపేసి చల్లారనివ్వు. ఫోను బ్యాటరీలు, లిథియం సెల్లులు, వాహనాల బ్యాటరీలు ఈ పనికి అస్సలు వాడకు. ఇంత తక్కువ నిరోధం తగిలిస్తే వాటిలోంచి వచ్చే కరెంటుకి తీగ కాలిపోతుంది, బ్యాటరీ అంటుకునే ప్రమాదం కూడా ఉంది. గోడ ప్లగ్గు జోలికి వెళ్లనే వద్దు.

సూదుల్ని లెక్కపెట్టడం మానెయ్యి. 0.1 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ తూకం ఒకటి సంపాదించు. దానిమీద ప్లాస్టిక్ గిన్నెలో గుండుసూదులు కనీసం 2 సెం.మీ. మందాన పోసి, తూకాన్ని సున్నా చెయ్యి. బోల్టు కొస సూదుల్లో 5 మి.మీ. దిగేలా పెట్టి, స్విచ్చు నొక్కి, మూడు అంకెలు లెక్కపెట్టి, నిటారుగా మెల్లగా 10 సెం.మీ. పైకి లేపు. ఊగడం ఆగేదాకా ఇంకో రెండు సెకన్లు. అప్పుడు తూకం మైనస్ అంకె చూపిస్తుంది. మైనస్ 2.7 అంటే నీ అయస్కాంతం 2.7 గ్రాములు ఎత్తిందన్నమాట. ఆ క్షణంలోనే మీటరు మీద కరెంటు కూడా చదివి రాసుకో. బోల్టు గిన్నె మీదికి దించి స్విచ్చు వదిలితే సూదులు వాటి చోటుకి అవే పడతాయి. ఇద్దరుంటే సులువు. ఇంట్లో ఒకరు ఉచ్చు మార్చి ఎత్తాలి, నువ్వు తూకం చదవాలి. ఏ ఉచ్చుకి తగిలించారో నీకు తెలియకుండా ఉంటే ఇంకా మంచిది. 200 చుట్లు అని తెలిస్తే, పడిపోబోతున్న సూది పడకముందే చదివెయ్యాలని మనకి తెలియకుండానే తొందరపడతాం.

బోల్టుని చేత్తో పట్టుకోకు. క్రేన్ నీ దగ్గర ఉండనే ఉంది కదా, దాని తాడుకి కట్టు. చెయ్యి వణికితే సూదుల గొలుసు తెగుతుంది. క్రేన్ లేపితే ప్రతిసారీ ఒకే వేగం. నీ బొమ్మ ఇక్కడ పనిముట్టయింది, అది జడ్జి గారికి తప్పకుండా చూపించు.

అయినా అంకెలు ఊగుతాయి. సూదులు ఒకదాని కొసన ఒకటి వేలాడి గొలుసులవుతాయి, ఆ గొలుసు ఎలా పడిందన్నదాన్ని బట్టి బరువు మారుతుంది. దీన్ని పూర్తిగా పోగొట్టలేవు, అందుకే ఒక్కో ఉచ్చుకి ఆరుసార్లు కొలవాలి. ప్రతిసారి తర్వాత సూదుల్ని ప్లాస్టిక్ చెంచాతో బాగా కలుపు, అవి కూడా కొంచెం అయస్కాంతాలై ముద్ద కడతాయి.

ఇంతకంటే మోసం చేసేది బోల్టులో మిగిలిపోయే అయస్కాంతత్వం. 200 చుట్లతో ఎత్తిన వెంటనే 50 చుట్లతో ఎత్తితే, పాత బలం కొంత దీనికి కలుస్తుంది. అందుకని ప్రతి కొలతకి ముందు కరెంటు లేకుండా బోల్టుని సూదుల్లో ముంచి లేపు. తూకం మైనస్ 0.1 దాటితే బోల్టు లొంగలేదన్నమాట. సెల్లు కొసలు తారుమారు చేసి ఒక్క క్షణం స్విచ్చు తట్టి, మళ్లీ ముంచి చూడు. ఒక్కోసారి రెండు మూడు తట్లు పడతాయి. చెక్క మీద నాలుగుసార్లు గట్టిగా కొట్టినా కొంత పోతుంది. ఈ సున్నా కొలతలకి నోటుబుక్కులో ప్రత్యేకంగా ఒక నిలువు వరస పెట్టు. "కరెంటు ఆపాక కూడా పట్టుకుంటుంది కదా?" అని ఎవరైనా అడిగితే ఆ వరస మీద వేలు పెట్టి చూపించొచ్చు.

కొలిచే క్రమం కూడా ముఖ్యమే. 50, 100, 150, 200 అని ఎక్కుతూ పోకు. సెల్లు అలసట, బోల్టు మొండితనం, తీగ వేడి, మూడూ టైముతో పాటే పెరుగుతాయి. నువ్వు చుట్లూ అదే వరసలో పెంచితే ఏది చుట్ల వల్ల, ఏది టైము వల్ల అన్నది విడదీయలేవు. ఒక రౌండుకి నాలుగు చీటీలు వేసి, వచ్చిన చీటీ ప్రకారం కొలువు. మొదటి వరసవి మూడు రౌండ్లు, రెండో వరసవి మూడు, మళ్లీ రెండో వరసవే మూడు, ఆఖర్న మొదటి వరసవి మూడు. మొత్తం 12 రౌండ్లు, 48 కొలతలు. విరామాలతో కలిపి రెండు మధ్యాహ్నాల పని. మధ్యలో సెల్లు మార్చాల్సి వస్తే రౌండు మధ్యలో మార్చకు, రౌండు పూర్తయ్యాక మార్చి, మార్చినట్టు రాసిపెట్టు.

నోటుబుక్కు పెన్నుతోనే. తేదీ, టైము, చీటీలో వచ్చిన ఉచ్చు, కరెంటు, సున్నా కొలత, ఎత్తిన బరువు. తప్పు పడితే ఒక గీత కొట్టి పక్కన ఎందుకో రాయి, వైట్‌నర్ పూయొద్దు. నచ్చని అంకె వచ్చిందని తీసెయ్యొద్దు. క్లిప్పు ఊడిపోవడంలాంటి కారణం కంటికి కనబడితేనే ఆ కొలత పక్కన పెట్టాలి, పెట్టినట్టు కూడా రాయాలి. సాపుగా తిరగరాసిన నోటుబుక్కు కంటే, చేతి మరకలున్న అసలు నోటుబుక్కునే జడ్జిలు నమ్ముతారు.

గ్రాఫులు రెండు గియ్యి. మొదటిదాంట్లో అడ్డంగా చుట్లు, నిలువుగా ఎత్తిన బరువు. రెండు వరసలకీ రెండు రంగులు. ప్రతి ఉచ్చుకీ ఆరు అంకెల సగటు దగ్గర చుక్క పెట్టి, ఆరింటిలో అతి తక్కువ నుంచి అతి ఎక్కువ దాకా నిలువు గీత గియ్యి. 150, 200ల గీతలు ఒకదానిమీద ఒకటి పడుతుంటే "200 బలమైనది" అని రాయకు, "ఈ కొలతలతో తేడా చెప్పలేం" అని రాయి. మొదటి వరస గ్రాఫు చుట్లు పెరిగేకొద్దీ ఎక్కడం తగ్గి చదునవ్వాలి, రెండోది అలా చదునవ్వకుండా ఎక్కుతూ పోవాలి.

రెండో గ్రాఫే నీ ప్రాజెక్టుకి ప్రాణం. అడ్డంగా చుట్ల బదులు ఆంపియర్-చుట్లు, అంటే ఆ క్షణంలో మీటరు చూపిన కరెంటుని చుట్లతో గుణించిన అంకె పెట్టు. రెండు వరసల చుక్కలూ ఒకే గ్రాఫు మీద. మొదటి వరసలో ఒక సెల్లు, రెండో వరసలో రెండు సెల్లులూ రియోస్టాటూ. అయినా చుక్కలన్నీ ఒకే వంపు మీదికి వచ్చి కూర్చుంటే, బలాన్ని నిర్ణయించేది ఒక్క చుట్లూ కాదు, సెల్లులూ కాదు, చుట్లనీ కరెంటునీ గుణిస్తే వచ్చే లబ్ధమేనని నీ చేతి కొలతలే చెప్పినట్టు. ఆ వంపు సరళరేఖ కాకపోతే కంగారుపడకు. ఇనుముని లాగే బలం అయస్కాంత క్షేత్రం వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి మొదట్లో వంపు పైకి లేవొచ్చు. సూదుల గొలుసులు దాన్ని కొంత చెడగొట్టొచ్చు. స్కేలు పెట్టి చుక్కల మధ్య బలవంతంగా గీత లాగకు. చుక్కలు ఒకే వంపు మీద పడకపోతే అదీ ఫలితమే. అప్పుడు ముందుగా అనుమానించాల్సింది సున్నా కొలతల వరసని, తర్వాత సరిగ్గా గీరని ఉచ్చులని.

టైము ఇలా పంచుకో. మొదటి వారం చుట్టడం, కరెంటు దారి కలపడం. రెండో వారం ఉత్తుత్తి కొలతలు, అంటే చెయ్యి తిరగడానికి, తప్పులు బయటపడటానికి. వాటిని లెక్కలో కలపొద్దు. మూడో వారం అసలు కొలతలు. నాలుగో వారం గ్రాఫులు, ఏదైనా తేడాగా ఉంటే మళ్లీ కొలవడానికి. బోర్డు పని ఐదో వారానికి వదిలెయ్యి. చాలామంది దాంతోనే మొదలుపెట్టి కొలతలకి టైము లేకుండా చేసుకుంటారు. బోర్డు కొలతలు, కరెంటు వాడకం మీద మీ పోటీ నిబంధనల కాగితంలో ఏముందో మాత్రం మొదటి రోజే చదువు, కొన్నిచోట్ల బల్లమీద గుండుసూదుల్లాంటి మొనదేలిన వస్తువుల్ని ఒప్పుకోరు. అలా ఉంటే ప్రయోగాన్ని ఫొటోలతో చూపించి, బల్లమీద చిన్న నట్లు ఎత్తి చూపించు.

జడ్జిలు ఏమడుగుతారో ఇంచుమించు ముందే తెలుసు. "ఇది అందరికీ తెలిసిందే కదా, ఇందులో నువ్వు కనుక్కున్నదేముంది?" అంటారు. సూత్రం తెలిసిందే, కానీ నా క్రేన్ దానికి ఎదురు తిరిగినట్టు కనబడింది, ఎందుకో తెలియలేదు, కరెంటు మీద అనుమానం వచ్చి దాన్ని విడిగా పట్టి చూశాను అని చెప్పు. "నీ కొలతల్లో అన్నిటికంటే పెద్ద లోపం ఏది?" అంటారు. సూదుల గొలుసులు అని చెప్పి, ఆరు కొలతల నిలువు గీత చూపించు. "ఇంకో నెల టైమిస్తే ఏం చేస్తావు?" అన్నదానికి హెన్రీ పద్ధతి సిద్ధంగా ఉంది: నాలుగు పొరల్నీ విడివిడి తీగలుగా చుట్టి, ఒకసారి వరుసగా, ఒకసారి పక్కపక్కన కలిపి పోల్చడం. తెలియనిది అడిగితే తెలియదని చెప్పి, తెలుసుకోవాలంటే ఏం కొలవాలో చెప్పు. రెండు నిమిషాల్లో మొత్తం చెప్పడం ఇంట్లో గట్టిగా చదువుతూ కాకుండా, కాగితం చూడకుండా ఎవరికైనా చెబుతూ అలవాటు చేసుకో.

నాన్నగారితో ఒక మాట. అమ్మాయికి రోబో కిట్టు కొనిస్తే అది కచ్చితంగా నడుస్తుంది, కానీ ఎందుకు నడుస్తోందో కిట్టు తయారుచేసినవాళ్లకే తెలుస్తుంది. జడ్జి రెండో ప్రశ్న వేసేసరికి అది బయటపడుతుంది. మీరు సాయం చెయ్యాలనుకుంటే బోల్టు ఎత్తే పని మీరు తీసుకోండి, చీటీలు మీరు తియ్యండి. చుట్టడం, చదవడం, రాయడం తననే చెయ్యనివ్వండి. బోర్డు మీద ఎవరు ఏం చేశారో ఉన్నదున్నట్టు ఒక వాక్యం రాయండి.

పోటీ రోజు సంచిలో కొత్త సెల్లులు నాలుగు, మల్టీమీటరుకి ఒక అదనపు ఫ్యూజు, గరుకు కాగితం ముక్క, రెండు క్లిప్పు తీగలు, టేపు ఉండాలి. బల్లమీద పెట్టగానే చేసే మొదటి పని ఉచ్చుల్ని మళ్లీ ఒకసారి గీరడం. రాగి గాలికి నల్లబడుతుంది, ప్రయాణంలో క్లిప్పులు వదులవుతాయి. 50 ఉచ్చు దగ్గర కరెంటు ఇంట్లో చూపిన అంకెకి దగ్గరగా వస్తే అంతా సరిగ్గా ఉన్నట్టే.